కిలో ధర కాదు, పుష్టి ధర చూడాలి
ధరవరల పట్టికను ఇంటి పద్దుకు అన్వయించుకొనే తీరు

ఈ పేజీలో అచ్చయ్యే ధరవరలు వర్తకులకూ, మిల్లర్లకూ, రైతులకూ మాత్రమే పనికివస్తాయనే అభిప్రాయం చాలామందిలో వుంది. కందులు క్వింటాలుకు వంద రూపాయలు పెరిగినా, శనగలు మందగించినా తమకేమని సామాన్య గృహస్థు ఈ పట్టికను దాటవేసి పోతుంటారు. నిజానికి రోజు ఖర్చును లెక్కపెట్టుకొని బతికే కుటుంబానికే ఈ అంకెల అవసరం ఎక్కువ. పెద్ద కొట్టు యజమాని ఒక సరకులో పోగొట్టుకున్నది మరొక సరకులో రాబట్టుకోగలడు. నెల జీతంపైనో, రోజుకూలిపైనో ఆధారపడిన ఇంట్లో ఆ నష్టం నేరుగా కంచంలోనే కనిపిస్తుంది.

సాధారణంగా జరిగేది ఇది. పప్పు ధర పెరిగితే సరకు మారదు, కొలత తగ్గుతుంది. పావుకిలో పప్పు వండే ఇంట్లో నూటయాభై గ్రాములు పడుతుంది, పప్పులో నీళ్ళు పెరుగుతాయి. అన్నం మాత్రం అంతే వుంటుంది గనుక కడుపు నిండినట్లే తోస్తుంది. కాని ఎదిగే పిల్లలకూ, పాలిచ్చే తల్లికీ అందవలసిన పుష్టి అందదు. ఈ లోటు ఒక రోజులో బయటపడదు కనుకనే దానిని ఎవరూ పద్దులో రాయరు. ధర పెరిగినప్పుడు కొలత తగ్గించడం కాదు, సరకు మార్చడం నేర్చుకోవాలన్నదే ఈ పాఠం సారాంశం.

లెక్క కట్టే పద్ధతి

కొట్టులో సరకు ధర కిలోకు చెబుతారు. కాని కిలో మీగడ పాలకూ, కిలో కందిపప్పుకూ, కిలో బియ్యానికీ పుష్టిలో పోలిక లేదు. అందువల్ల కిలో ధరను పక్కనపెట్టి, శరీర నిర్మాణానికి ముఖ్యమైన మాంసకృత్తులు ఎంతకు పడుతున్నాయో చూడాలి. పద్ధతి సులభం. కిలో ధరను, ఆ సరకులో నూటికి ఎన్ని పాళ్ళు మాంసకృత్తులున్నాయో ఆ అంకెతో భాగించాలి. వచ్చేది 10 గ్రాముల మాంసకృత్తుల ధర.

కందిపప్పులో నూటికి సుమారు 22 పాళ్ళు మాంసకృత్తులు వుంటాయి. కిలో 140 రూపాయలనుకుంటే, 140ని 22తో భాగించగా 6 రూపాయల 36 పైసలు వస్తుంది. ఇదే రీతిని మిగతా సరకులకూ లెక్క కట్టవచ్చు. ఈ కింది ధరలు లెక్క సౌలభ్యం కోసం అనుకున్నవి. పాఠకులు తమ వూరి చిల్లర ధర వేసుకొని తిరిగి కట్టుకోవాలి.

10 గ్రాముల మాంసకృత్తులకు పడే ఖర్చు:

మీల్‌మేకర్ (కిలో 140, నూటికి 50 పాళ్ళు) – రూ. 2.80
ఉలవలు (కిలో 80, నూటికి 22) – రూ. 3.64
జొన్నలు (కిలో 45, నూటికి 10) – రూ. 4.50
శనగపప్పు (కిలో 100, నూటికి 21) – రూ. 4.76
పెసరపప్పు (కిలో 120, నూటికి 24) – రూ. 5.00
మినపప్పు (కిలో 130, నూటికి 24) – రూ. 5.42
వేరుశనగ గుళ్ళు (కిలో 150, నూటికి 25) – రూ. 6.00
కందిపప్పు (కిలో 140, నూటికి 22) – రూ. 6.36
కొన్న బియ్యం (కిలో 50, నూటికి 7) – రూ. 7.14
కోడిగుడ్డు (ఒకటి 7 రూపాయలు, 6 గ్రాములు) – రూ. 11.67
కోడిమాంసం (కిలో 240, నూటికి 20) – రూ. 12.00
పాలు (లీటరు 64, నూటికి 3.2) – రూ. 20.00

ఈ పట్టికలో రెండు సంగతులు గమనార్హం. మొదటిది, మన ఇళ్ళలో పప్పు అంటే కందిపప్పే అయినా, పప్పుదినుసులన్నింటిలో పుష్టికి ఎక్కువ ధర పెట్టవలసివచ్చేది తరచు దానికే. రెండవది, చవక అనుకొనే బియ్యంలో మాంసకృత్తులు పప్పులోకంటె ఖరీదుగా పడుతున్నాయి. బియ్యం ఇచ్చేది ప్రధానంగా శక్తి. అందుచేత అన్నం పెంచి పప్పు తగ్గించడం పొదుపు కాదు.

పట్టికకు పరిమితులు లేకపోలేదు. గుడ్డులోని మాంసకృత్తులు శరీరానికి మిగతావాటికంటె బాగా ఒంటబడతాయి. రక్తవృద్ధికి అవసరమైన బి12 విటమిను పప్పుల్లోనూ ధాన్యాల్లోనూ వుండదు. పాలు, గుడ్లు, మాంసం, చేపల ద్వారానే లభిస్తుంది. కాబట్టి ఖరీదని వాటిని పూర్తిగా మానరాదు. కొద్దిగా కొని, ముందు పిల్లలకూ గర్భిణులకూ కేటాయించాలి. మీల్‌మేకర్ అన్నింటికంటె చవకే అయినా, నానబెట్టి పిండి కూరలో వారానికి రెండుసార్లు వాడుకొనే సరకు. నిత్యం పప్పు స్థానంలో పెట్టుకొనేది కాదు.

ధాన్యం, పప్పు కలవాలి

ధాన్యాల్లో కొరవడిన లైసిన్ అనే పదార్థం పప్పుల్లో వుంటుంది. పప్పుల్లో తక్కువైన మెథియోనిన్ ధాన్యాల్లో వుంటుంది. రెండూ కలిపి తిన్నప్పుడు ఒకదాని లోపం మరొకటి పూడుస్తుంది. పప్పన్నం, ఇడ్లీ, పెసరట్టు, పులగం మన పెద్దలకు అలవాటైన కలయికలే. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు వయోజనులకు రోజుకు 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పుదినుసులు సూచించాయి. అంటే మూడు పాళ్ళ ధాన్యానికి ఒక పాలు పప్పు. మాంసాహారులు ఆ 85 గ్రాముల్లో కొంత గుడ్లు, మాంసంతో సరిపెట్టుకోవచ్చు. శ్రమచేసే వారికి ధాన్యం ఇంకా ఎక్కువ కావాలి.

ఇదే సంస్థ పిల్లల కోసం రూపొందించిన ‘హైదరాబాదు మిక్స్’ ఈ సూత్రానికి మంచి ఉదాహరణ. గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగ గుళ్ళు 10, బెల్లం 20 గ్రాములు. గింజలను వేయించి పొడిచేసి బెల్లం కలిపితే 330 కేలరీల శక్తి, 11 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు లభిస్తాయి. గోధుమలు కిలో 40, బెల్లం 60 అనుకొని, శనగలకు పై పట్టికలోని శనగపప్పు ధరే వేసి లెక్కకడితే వెరసి 6 రూపాయల లోపు. బడి నుంచి వచ్చిన పిల్లవాడి చేతికి పది రూపాయల బిస్కట్ పాకెట్ ఇచ్చే తల్లిదండ్రులు ఈ లెక్క ఒకసారి వేసుకోవలసి వుంది.

కందిపప్పు ఎక్కినప్పుడు

2014, 2015 సంవత్సరాల్లో వరుసగా వర్షాభావం ఏర్పడింది. దరిమిలా 2015 అక్టోబరులో కందిపప్పు చిల్లర ధర దేశంలోని అనేక నగరాల్లో కిలో 200 రూపాయలు దాటింది. మరుసటి ఏడు రైతులు కంది విస్తారంగా వేయగా, 2016-17లో పంట వెల్లువెత్తి కందుల ధర మద్దతు ధరకంటె దిగువకు జారింది. పప్పుదినుసులు చాలావరకు వర్షాధారపు పంటలు కావడంవల్ల ఈ హెచ్చుతగ్గులు తప్పవు. మయన్మార్, మొజాంబిక్, మలావి, టాంజానియా దేశాలనుంచి దిగుమతులు వచ్చినా అవి లోటును పూడ్చేలోగా చిల్లర ధర ఎక్కి కూర్చుంటుంది.

అటువంటి సమయంలో ఏం చేయాలో లెక్కలో చూద్దాం. నలుగురు గల కుటుంబం రోజుకు పావుకిలో, అంటే నెలకు ఏడున్నర కిలోల కందిపప్పు వాడుతున్నది. కిలో 140 చొప్పున 1,050 రూపాయలు. ధర 200కు పోయింది. అదే డబ్బుకు ఇప్పుడు ఐదుంపావు కిలోలే వస్తుంది. రెండుంపావు కిలోల పప్పు తగ్గింది. దానితో నెలకు 495 గ్రాముల మాంసకృత్తులు ఇంటికి రాకుండా పోయాయి.

సరకు మార్చితే ఎలా వుంటుంది? కందిపప్పు రెండున్నర కిలోలు 200 చొప్పున 500 రూపాయలు. పెసరపప్పు రెండున్నర కిలోలు 120 చొప్పున 300. శనగపప్పు రెండున్నర కిలోలు 100 చొప్పున 250. వెరసి అదే 1,050 రూపాయలు, అదే ఏడున్నర కిలోలు. మాంసకృత్తులు మునుపటి 1,650 గ్రాములకు బదులు 1,675 గ్రాములు. పైసా ఎక్కువ పెట్టకుండా, గ్రాము తగ్గకుండా నెల గడిచింది.

కంది ఎక్కినప్పుడు గిరాకీ మళ్ళి పెసర, శనగ కూడా కొంత పుంజుకొనే మాట నిజమే. అయినా అన్ని పప్పులూ ఒకే మోతాదులో పెరగడం అరుదు. ఒకటి ఎక్కుతున్నప్పుడు మరొకటి నిలకడగా వుంటుంది. ఆ నిలకడైన సరకును కనిపెట్టడానికే ఈ పేజీ.

క్వింటాలు ధర నుంచి చిల్లర ధరకు

యార్డు ధర కందులకు చెబుతారు, కొట్టులో మనం కొనేది పప్పు. క్వింటాలు కందులను మిల్లు పట్టిస్తే సుమారు 70 నుంచి 75 కిలోల పప్పు దిగుతుంది. మిగిలినది పొట్టు, నూక, తవుడు. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన కందుల మద్దతు ధర క్వింటాలు 8,000 రూపాయలు. 72 కిలోల పప్పు దిగిందనుకుంటే కిలో అసలు 111 రూపాయలు పడుతుంది. దానిపై మిల్లు ఖర్చు, గోతాలు, రవాణా, టోకు, చిల్లర లాభాలు చేరుతాయి. యార్డులో కందులు తగ్గిన రెండు మూడు వారాలకు కూడా కొట్టులో పప్పు దిగకపోతే అడిగే హక్కు కొనుగోలుదారుకు వుంటుంది. అలా కాక, బజారు ధరకంటె మరీ చవకగా విడిపప్పు దొరికితే అనుమానించాలి. కంది, శనగపప్పుల్లో కేసరిపప్పు కల్తీ చేయడం ఎప్పటినుంచో వున్న దురాచారం. దానిని ఎక్కువ కాలం తింటే కాళ్ళు చచ్చుబడే ప్రమాదం వుంది.

పప్పులో ఫట్కా రకం, మామూలు రకం మధ్య తేడా గింజ తీరులోనూ శుభ్రతలోనూ వుంటుంది, పుష్టిలో కాదు. బియ్యానికీ ఇంతే. నూకల్లో వున్న పుష్టి నిండుగింజకు తీసిపోదు. ఉప్మాకూ జావకూ పొడవు గింజ కొనవలసిన పనిలేదు. పాత బియ్యం ధర ఎక్కువైనా అన్నం ఒదుగుతుంది. కొత్త బియ్యం ముద్ద కడుతుంది. రెండింటి ధరలో వ్యత్యాసం కొద్దిపాటిదైతే పాతవే గిట్టుబాటు.

ఋతువును బట్టి కొనుగోలు

కొత్త సరకు యార్డుకు వచ్చే వేళ ధర మందగించడం బజారు ధర్మం. తాండూరు, నారాయణపేట ప్రాంతాల కందులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వస్తాయి. ప్రకాశం, కర్నూలు జిల్లాల శనగలు ఫిబ్రవరి, మార్చిలో దిగుతాయి. కృష్ణా, గుంటూరు మాగాణుల్లో వరి తరువాత వేసిన మినుములు కూడా ఇంచుమించు అప్పుడే. సంక్రాంతి నుంచి అనకాపల్లిలో కొత్త బెల్లం. శ్రావణ, కార్తీక మాసాల్లో పలువురు మాంసాహారం మానడంతో కోళ్ళు, గుడ్ల గిరాకీ మన ప్రాంతంలో పలచబడుతుంది. చలికాలంలో ఉత్తరాదికి ఎగుమతులు పుంజుకొని గుడ్డు ధర తిరిగి ఎక్కుతుంది. గుడ్ల ధర వందకు ప్రకటిస్తారు. ఫారం వద్ద వందకు 600 అంటే ఒకటి ఆరు రూపాయలు. కొట్టులో ఎంత చేరుతున్నదో దానితో పోల్చుకోవచ్చు.

కూరగాయల్లో టమాటా మరీ చంచలం. మదనపల్లె యార్డులో రైతు కోత కూలి కూడా రాక పారబోసిన రోజులున్నాయి. 2023 జూలైలో అక్కడే కిలో వంద రూపాయలు దాటి పలికింది. టమాటా వంటలో ఇచ్చేది ముఖ్యంగా పులుపు. ఆ పులుపు చింతపండు, గోంగూర, చింతచిగురు, వేసవిలో మామిడికాయ కూడా ఇస్తాయి. ధర వంద దాటినప్పుడు టమాటా కోసం పట్టుబట్టడం పద్దుకు చేటు. 1999లో మొదలైన రైతుబజార్లలో ధర బోర్డుపై రాసి వుంటుంది గనుక, సంచి తెరిచేముందు ఆ బోర్డు చదవడం మంచిది.

మొత్తం డబ్బు ఒకేసారి పెట్టి సాలుకు సరిపడా కొనే స్తోమత అందరికీ వుండదు. కూలిడబ్బుతో ఏ రోజుకారోజు కొనే కుటుంబమే చిన్న పొట్లాలు కొని కిలోకు ఎక్కువ చెల్లిస్తున్నది. ఇదే అన్నిటికంటె పెద్ద అన్యాయం. ఇందుకు ఒక మార్గం వుంది. నాలుగైదు ఇళ్ళవారు, లేదా ఒక పొదుపు సంఘం సభ్యులు కలిసి కొత్త పంట వేళ 30 కిలోల మూట టోకున తెచ్చి పంచుకోవచ్చు. బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పోస్తే పప్పు రెండు మూడు నెలలు నిలుస్తుంది. వేరుశనగ గుళ్ళను మాత్రం బూజు పట్టకుండా చూడాలి. బూజు గింజలను చవక అని తినరాదు, పశువులకూ పెట్టరాదు.

నలుగురికి ఒక రోజు పద్దు

ఇద్దరు పెద్దలు, ఇద్దరు బడిపిల్లలు గల కుటుంబానికి పై ధరల ప్రకారం ఒక పద్దు వేసి చూద్దాం. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల చొప్పున రేషన్ ఉచితంగా ఇస్తున్నారు. తెలంగాణలో 2025 నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఇక్కడ 5 కిలోల లెక్కే తీసుకున్నాం.

రేషన్ బియ్యం 650 గ్రాములు – లేదు
కొన్న బియ్యం 350 గ్రాములు – రూ. 17.50
జొన్నలు లేదా రాగులు 400 గ్రాములు – రూ. 18.00
కందిపప్పు 100, పెసరపప్పు 100, ఉలవలు 50 గ్రాములు – రూ. 30.00
వేరుశనగ గుళ్ళు 100 గ్రాములు – రూ. 15.00
గుడ్లు రెండు – రూ. 14.00
పాలు అరలీటరు – రూ. 32.00
ఆకుకూర రెండు కట్టలు – రూ. 20.00
కూరగాయలు 800 గ్రాములు – రూ. 28.00
నూనె 80 మిల్లీలీటర్లు – రూ. 11.20
జామ లేదా అరటి నాలుగు – రూ. 16.00
బెల్లం 60 గ్రాములు – రూ. 3.60
ఉల్లి, చింతపండు, కారం, ఉప్పు వగైరా – రూ. 14.70
వెరసి – రూ. 220.00

మనిషికి 55 రూపాయలు పడింది. ఇందులో గ్యాసు ఖర్చు కలపలేదు. జొన్నలు వాడిన రోజున ఈ పద్దులో మాంసకృత్తులు 210 గ్రాముల పైచిలుకు, శక్తి సుమారు 8,200 కేలరీలు వుంటాయి. పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఈ నలుగురికీ కావలసిన మాంసకృత్తులు 155 గ్రాముల ప్రాంతంలో వుంటాయి. అంటే లోటు లేదు. ఇంటి యజమాని తాపీపని, హమాలీ వంటి కాయకష్టం చేసేవారైతే ధాన్యం మరో 150 గ్రాములు పెంచాలి. దానికి ఏడెనిమిది రూపాయలు చాలు.

రోజుకు 220 కూడా పెట్టలేని రోజున ఏది తగ్గించాలి? మామూలుగా పప్పునూ ఆకుకూరనూ తగ్గిస్తారు. ఆ రెండింటినీ ముట్టుకోరాదు. పాలు పావులీటరుకు తగ్గించి ఆ వారమంతా రాగులు వాడవచ్చు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం వుంటుంది. ఇంచుమించు 300 మిల్లీలీటర్ల పాలలో వున్నంత. అదంతా ఒంటబట్టకపోయినా, నాలుగున్నర రూపాయలకు దొరికే మేలు తక్కువేమీ కాదు. తరువాత కొన్న బియ్యంలో కొంత జొన్నలకు మార్చాలి. కొట్టు చిరుతిండి వుంటే దానిని అన్నింటికంటె ముందే కొట్టివేయాలి.

ఖర్చులేని లాభాలు

బజారుతో నిమిత్తం లేకుండా వంటింట్లోనే మిగిలే లాభాలు కొన్ని వున్నాయి. బియ్యాన్ని పలుమార్లు పిసికి కడిగి, గంజి వార్చి పారబోస్తే బి విటమిన్లు నీళ్ళపాలవుతాయి. సరిపడా నీటితో అత్తెసరు పెట్టాలి, లేదా గంజిని చారులో వాడాలి. పెసలు, శనగలు మొలకెత్తిస్తే అంతకుముందు గింజలో లేనంత సి విటమిను చేకూరుతుంది. ఆకుకూర పప్పుపై నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతోపాటే టీ తాగితే ఆ లాభం పోతుంది. పెరట్లోనో వీధిచివరో మునగచెట్టు వుంటే దాని ఆకు కాల్షియానికీ విటమిన్లకూ గని. దానికి బజారులో ధర పలకకపోవడంవల్లనే మనవాళ్ళు విలువ గుర్తించడం లేదు.

ధరలను అదుపుచేయడం ఒక కుటుంబం చేతిలో లేదు. వర్షం, దిగుమతి, నిల్వలపై ఆంక్షలు, వ్యాపారుల అంచనాలు కలిసి వాటిని నిర్ణయిస్తాయి. కాని ఏ సరకు ఎక్కింది, ఏది నిలకడగా వుంది అని చూసి సంచిలో వేసే వస్తువును మార్చుకోవడం మన చేతిలోనే వుంది. నెల మొదటి తేదీన ఐదు పప్పుల చిల్లర ధరలు ఒక కాగితంపై రాసి, పై పద్ధతిలో భాగించి, చవకగా పడిన రెండింటిని ఆ నెలకు ముఖ్య సరకులుగా పెట్టుకుంటే చాలు. కంచంలో పప్పు చిక్కదనం తగ్గకుండా నెల వెళ్ళిపోతుంది.